కూత మన ఊరిది, తాళం రాజధానిది

పలాసలో టిఫిన్ హోటల్ పెట్టాలంటే మునిసిపాలిటీ దగ్గర ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. జీడిపప్పు కార్ఖానా పెట్టాలంటే అరడజను ఆఫీసుల గడప తొక్కాలి. బస్సు టికెట్ ఎంతుండాలో ప్రభుత్వం చెబుతుంది. రేషన్ షాపు ముందు ధరల బోర్డు ఉండాలని తహసీల్దారు పట్టుబడతాడు. కానీ ఒక పాత వ్యాను కొని, పైన ఎర్ర లైటు పెట్టి, పక్కన ఎర్ర శిలువ గీసి, కాశీబుగ్గలోనో టెక్కలిలోనో ఆస్పత్రి గేటు ముందు నిలబెడితే? అందులో ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, పక్కన కూర్చునే మనిషికి శిక్షణ ఉందా, శ్రీకాకుళానికి ఎంత తీసుకోవాలి, విశాఖకు ఎంత తీసుకోవాలి అని అడిగే నాథుడు ఊళ్లో లేడు. ఇడ్లీకి ఉన్న చట్టం ప్రాణానికి లేకపోయింది. ఇదెక్కడి న్యాయం?

కొంచెం లోతుగా చూద్దాం. బండి రిజిస్ట్రేషన్ రవాణా శాఖ పని. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం జిల్లా స్థాయి అధికారుల పని. 108 నడిపేది రాష్ట్ర ప్రభుత్వం కుదుర్చుకున్న కాంట్రాక్టు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే పోలీసుల పని. ఇంతమంది ఉన్నారు. కానీ అర్ధరాత్రి వజ్రపుకొత్తూరులోనో కవిటిలోనో ఒక మనిషికి ఊపిరి అందకపోతే, బండి ఎందుకు ఆలస్యమైందని మర్నాడు ఉదయం ఎవరిని నిలదీయాలి? సర్పంచిని అడిగితే నా చేతిలో ఏముందంటాడు. మునిసిపల్ చైర్మన్ని అడిగితే అదే మాట. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. నిజంగానే వాళ్ల చేతిలో ఏమీ లేదు.

పెత్తనం ఒకరిది, నింద ఒకరిది. దీనికి పలాసే పెద్ద సాక్ష్యం. 2020 జూన్‌లో, కరోనా మొదటి దెబ్బలో, పలాసలో ఒక వృద్ధుడు చనిపోయాడు. పాజిటివ్ అని తేలింది. ఆ పెద్దాయన శవాన్ని జేసీబీ తొట్టిలో శ్మశానానికి తీసుకెళ్లారు. ఆ దృశ్యం దేశమంతా చూసి ఛీ కొట్టింది. మునిసిపల్ కమిషనర్‌నూ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నూ సస్పెండ్ చేశారు. తప్పు తప్పే, శిక్ష పడాల్సిందే. కానీ సస్పెన్షన్ తర్వాత వేయాల్సిన ప్రశ్న ఎవరూ వేయలేదు. అలాంటి రోజున ఏ బండి రావాలి, ఎవరు పిలవాలి, ఎవరు పంపాలి అనేది ముందే రాసి ఉంచిన కాగితం ఆ మునిసిపాలిటీ దగ్గర ఉండాలని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

ఏడాది తిరగలేదు. 2021 ఏప్రిల్‌లో మందస మండలానికి చెందిన ఒక మహిళ కరోనా లక్షణాలతో పలాస వచ్చి ప్రాణం విడిచింది. ఇంటికి తీసుకెళ్లడానికి అంబులెన్స్ దొరకలేదు. కొడుకూ అల్లుడూ ఆమెను మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకెళ్లారు. ఆ ఫొటో కూడా దేశమంతా చూసింది. ఈసారి సస్పెండ్ చేయడానికి కూడా ఎవరూ దొరకలేదు. ఎందుకంటే అది ఎవరి బాధ్యతో ఏ కాగితంలోనూ లేదు. బాధ్యత రాసి లేని చోట తప్పు కూడా ఉండదు. చచ్చినవాళ్లు మాత్రం ఉంటారు.

మన దగ్గరే ఇలా అనుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆస్పత్రిలో పదేళ్ల కొడుకు చనిపోతే, తండ్రి ఆ పిల్లవాడిని బైకు మీద 90 కిలోమీటర్లు మోసుకెళ్లాడు. అడిగినంత ఇవ్వలేకపోయాడు. బయటినుంచి తక్కువకు బండి మాట్లాడుకుంటే ఆస్పత్రి దగ్గరి ప్రైవేటు అంబులెన్సుల వాళ్లు దాన్ని రానివ్వలేదు. గొడవ అయ్యాక ధరలన్నారు, ప్రీపెయిడ్ అన్నారు. ఇల్లు కాలాక బావి తవ్వడం మన పాలకులకు అలవాటే. అంతకు ఏడాదిన్నర ముందే, 2020 సెప్టెంబర్‌లో, సుప్రీంకోర్టు కరోనా రోగులను తీసుకెళ్లే అంబులెన్సులకు సమంజసమైన రేట్లు నిర్ణయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. కోర్టు చెప్పింది రాష్ట్రాలకు. రాష్ట్రం అంటే రాజధాని. రాజధానిలో అచ్చేసిన రేటు కాశీబుగ్గ ఆస్పత్రి గేటు దాకా నడిచి రావాలంటే దానికి కాళ్లుండాలి. ఆ కాళ్లే స్థానిక ప్రభుత్వం. అవి నరికేసి ఉంటే ఉత్తర్వు ఎంత గొప్పదైతే ఏం?

108ను తక్కువ చేసి మాట్లాడాలని కాదు. 2005 ఆగస్టు 15న ఆ సేవ మొదలయ్యే ముందు మన పల్లెల్లో పరిస్థితి ఏమిటో పెద్దవాళ్లకు గుర్తే. ఆటో దొరికితే ఆటో, ట్రాక్టరు దొరికితే ట్రాక్టరు, ఏదీ దొరక్కపోతే నులక మంచం. మూడంకెలు నొక్కితే పైసా ఖర్చు లేకుండా బండి ఇంటికొస్తుందనేది పేదవాడి జీవితంలో మామూలు మార్పు కాదు. ఎన్నో కాన్పులు, ఎన్నో పాము కాట్లు, హైవే మీద ఎన్నో ప్రమాదాలు ఆ బండి వల్లే ప్రాణంతో గట్టెక్కాయి. అందులో పనిచేసే పైలట్లకూ టెక్నీషియన్లకూ చేతులెత్తి దండం పెట్టాలి.

కానీ ఆ సేవ చరిత్ర చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో వజ్రపుకొత్తూరులో ఫోన్ చేస్తే గంట మోగింది హైదరాబాద్ శివారు దేవరయాంజాల్‌లో. ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. నడిపిన సంస్థ వెనుక ఉన్నది సత్యం రామలింగరాజు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడితే, మందసలో గర్భిణిని తీసుకెళ్లే బండి భవిష్యత్తు కూడా వేలాడింది. తర్వాత జీవీకే వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కొన్నేళ్లకు బీవీజీ వచ్చింది. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో వెయ్యికి పైగా 108, 104 కొత్త బండ్లకు జెండా ఊపినప్పుడు అరబిందో వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా, కాంట్రాక్టు మారినప్పుడల్లా బండి మీద బొమ్మ మారింది, రంగు మారింది. జీతాల బకాయిల కోసం సిబ్బంది సమ్మెలు మాత్రం ఏ హయాంలోనూ ఆగలేదు. ఇన్ని మార్పుల్లో ఒక్కసారైనా ఉద్దానంలో ఒక గ్రామసభను, పలాసలో ఒక వార్డు సభను, మీ దగ్గర బండి సరిగా వస్తోందా అని అడిగారా? అడగలేదు. అడగాలన్న నియమమే లేదు.

ఉద్దానం గురించి రాజధానికి తెలిసినది ఒక్కటే, కిడ్నీ జబ్బు. నాయకులు వచ్చారు, చూశారు, కన్నీళ్లు పెట్టారు, వెళ్లారు. కొంత పని కూడా జరిగింది, కాదనలేం. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం, దాంతో పాటు హిరమండలం నుంచి మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. కానీ డయాలసిస్ మనిషి బతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి. వారానికి రెండు మూడుసార్లు యంత్రం దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు కాళ్లు వాచి ఉంటాయి, వచ్చేటప్పుడు ఓపిక ఉండదు. ఇది 108 చేసే పని కాదు, అది అత్యవసరాల బండి. బస్సు అన్ని ఊళ్లకూ రాదు. మిగిలింది ఆటో. వైద్యం ఉచితం, దారి ఖర్చు మాత్రం సొంతం. నెలకు పన్నెండు సార్లు వెళ్లి వచ్చే ఆటో కిరాయి జీడితోట కూలీకి ఎంత బరువో లెక్క కట్టడానికి ఆర్థిక శాస్త్రం చదవక్కర్లేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. డయాలసిస్ ఒక విడత తప్పిన మనిషికి రాత్రి ఆయాసం ముంచుకొస్తుంది. ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. అప్పుడు అతణ్ని దగ్గరి ఆస్పత్రికి కాదు, యంత్రం ఖాళీగా ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ రాత్రి సోంపేటలో యంత్రం నడుస్తోందా, పలాసలో డాక్టరు ఉన్నాడా, టెక్కలి జిల్లా ఆస్పత్రికే పోవాలా? ఈ సమాచారం ఎక్కడో కాల్ సెంటర్లో కూర్చున్న పిల్లకు ఎలా తెలుస్తుంది? ఆ అమ్మాయి తప్పు కాదు. తెలిసే ఏర్పాటు లేదు. ఊరి సంగతి ఊరికే తెలుస్తుంది. ఏ రోడ్డు తవ్వి ఉంది, ఏ రైల్వే గేటు ఎంతసేపు పడుతుంది, ఏ పీహెచ్‌సీలో పాముకాటు మందు అయిపోయింది, ఇవన్నీ స్థానిక జ్ఞానం. స్థానిక జ్ఞానానికి స్థానిక అధికారం తోడు కాకపోతే అది రచ్చబండ కబురుగా మిగిలిపోతుంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మన తీరాన్నే తాకింది. కొబ్బరి కూలింది, జీడి కూలింది, పనస కూలింది. రోడ్డుకు అడ్డంగా చెట్లు, కరెంటు స్తంభాలు. కరెంటు లేక, టవర్లు పనిచేయక ఫోన్లు మూగబోయాయి. ఫోనే లేనప్పుడు 108 ఎలా నొక్కుతారు? రాష్ట్రమంతటికీ ఒకే నంబరు, ఒకే కేంద్రం అనేది మంచిరోజుల్లో బలం. తుపాను రోజున అదే బలహీనత. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. తుపాను మనకు చుట్టం కాదు, ఇంటి మనిషి. ఏ ఊళ్లో ఎన్ని బండ్లున్నాయి, ఎవరింట్లో డయాలసిస్ మనిషి ఉన్నాడు, ఎవరికి నెలలు నిండాయి, చెట్లు కోసే రంపాలు ఎవరి దగ్గరున్నాయి అనే జాబితా పంచాయతీ ఆఫీసులో కాగితం మీద ఉండాలి. టవరు కూలినా కాగితం కూలదు.

తాజా గాయం ఇంకా ఆరలేదు. 2025 నవంబర్ 1, కార్తీక ఏకాదశి. కాశీబుగ్గ వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాట. తొమ్మిది మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే. అది ప్రైవేటు గుడి, జనం వస్తారని మాకు ముందే చెప్పలేదని అధికారులు అన్నారు. కార్తీక ఏకాదశి నాడు గుడికి జనం వస్తారని ఒకరు చెప్పాలా? ఇంతమంది వచ్చే చోట ఇన్ని దారులుండాలి, ఇన్ని అంబులెన్సులు సిద్ధంగా ఉండాలి, లేకపోతే అనుమతి లేదు అని చెప్పే అధికారం, చెప్పకపోతే జవాబు చెప్పుకునే బాధ్యత ఊరి ప్రభుత్వానికి స్పష్టంగా ఉండి ఉంటే? అన్ని ప్రాణాలూ నిలిచేవని ఎవరూ అనలేరు. కానీ ఎవరిని అడగాలో తెలిసేది.

చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు బదలాయించదగిన అంశాలు 29. అందులో 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఆస్పత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు దాని కిందికే వస్తాయి. 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకు ప్రజారోగ్యం ఉంది. కాగితం మీద ఉన్నది చేతికి ఇవ్వలేదు. పోనీ పైవాళ్లే సక్రమంగా నియంత్రిస్తున్నారా అంటే అదీ లేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. 1996 తర్వాత కేరళ ప్రజాప్రణాళిక ఉద్యమంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీల కిందికి తెచ్చింది. మంచాన పడ్డ రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేసే పనిలో అక్కడి పంచాయతీలు ముందుంటాయి. అక్కడి సర్పంచులు పై లోకం నుంచి దిగిరాలేదు. అధికారం ఇచ్చారు, నిధులు ఇచ్చారు, నేర్చుకున్నారు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో హిల్ డిస్ట్రిక్ట్ అని ఒక నల్లజాతి పేట ఉంది. ఒకప్పుడు అక్కడ రోగులను తీసుకెళ్లింది పోలీసు వ్యాన్లు. వచ్చేవి కావు, వచ్చినా వైద్యం తెలియదు. 1967లో ఆ పేట యువకులనే, పని దొరకదని సమాజం వదిలేసిన వాళ్లనే చేరదీసి ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ మొదలుపెట్టారు. డాక్టర్ పీటర్ సఫార్ వాళ్లకు శిక్షణ ఇచ్చాడు. ఆధునిక పారామెడిక్ వృత్తికి దారి చూపిన వాళ్లలో వాళ్లు ముందువరుస. చివరికి 1975లో నగరపాలక సంస్థ సొంత సర్వీసు పెట్టుకుని దాన్ని మూయించింది. ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఊరి పిల్లలే ఊరి ప్రాణాలు కాపాడగలరు. స్థానిక ప్రభుత్వం కూడా ప్రజలు కాపలా కాయకపోతే ప్రజలది లాక్కోగలదు.

ఆ రెండో పాఠం మరచిపోవద్దు. ఎందుకంటే మన వాళ్లలోనే కొందరు అడుగుతారు. మునిసిపాలిటీకి అప్పజెబితే కౌన్సిలర్ బావమరిది అంబులెన్సులు పెట్టడా? వార్డుకో వాటా అడగరా? సర్పంచి ఓటు వేసిన ఇంటికి ముందు, వేయని ఇంటికి తర్వాత పంపడా? సరైన భయమే. అందుకే 108ను ముక్కలు చేసి పంచాయతీలకు పంచమని మేము అనడం లేదు. బండి, జీతం, శిక్షణ, ప్రమాణాలు రాష్ట్రానివి. ఫోన్ కేంద్రం రాష్ట్రానిదే ఉండనివ్వండి. కానీ లెక్క అడిగే హక్కు, తనిఖీ చేసే హక్కు, ప్రైవేటు బండిని నమోదు చేసి ధర కట్టే హక్కు ఊరిది కావాలి. రాజధానిలో దొంగ దొరకాలంటే సీబీఐ రావాలి. ఊళ్లో దొంగను ఊరంతా చూస్తుంది.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ఒకటి, పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురంలో తిరిగే ప్రతి ప్రైవేటు అంబులెన్సూ స్థానికంగా నమోదు కావాలి. అది కేవలం రోగిని మోసే బండా, ప్రాథమిక సదుపాయాలున్నదా, వెంటిలేటర్ ఉన్నదా అనేది బండి మీద తెలుగులో రాయాలి. ఈ తరగతులు కేంద్ర రవాణా ప్రమాణాల్లో ఉన్నవే. రెండు, ప్రతి సర్కారు ఆస్పత్రి గేటు దగ్గర కిలోమీటరు రేటు బోర్డు, ఆస్పత్రి అభివృద్ధి సంఘం నడిపే ప్రీపెయిడ్ కౌంటర్. మూడు, పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20 నిమిషాల్లో 108 వస్తామన్నారు కదా, నెలనెలా మండలాల వారీగా ఎన్నిసార్లు ఆ మాట నిలిచిందో మండల సభలో, మునిసిపల్ కౌన్సిల్లో చదివి వినిపించాలి. మాట తప్పితే కాంట్రాక్టరు బిల్లులో కోత పడాలి, సిబ్బంది జీతంలో కాదు. నాలుగు, డయాలసిస్ రోగులకు వేళ ప్రకారం తిరిగే బండి. అయిదు, ప్రతి పంచాయతీలో తుపాను జాబితా.

ఆరోది సరిహద్దు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక ముప్ఫై కిలోమీటర్లు. శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ నేలంతా గంజాం జిల్లాయే. గీత గీసింది మనుషులు. గుండెపోటుకు ఆ గీత కనిపించదు. 2021 మే నెలలో తెలంగాణ సరిహద్దులో ఆంధ్ర అంబులెన్సులను ఆపేస్తే హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అలాంటి రోజు మనకు రాకముందే బరంపురం వైద్య కళాశాల ఆస్పత్రితో లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి. మన బండి అక్కడికి వెళ్లాలి, వెళ్లినప్పుడు గేటు దగ్గర ప్రశ్నలు ఉండకూడదు.

చివరగా, ప్రత్యేక రాష్ట్రం కోరే మిత్రులతో ఒక మాట. రాష్ట్రం వస్తే అన్నీ వస్తాయనుకోవడం సులువు. 2014లో తెలంగాణ వచ్చింది. అక్కడా 108 నడిపేది రాష్ట్ర స్థాయి ఒప్పందమే, అక్కడా గ్రామసభకు ఆ లెక్క అడిగే హక్కు లేదు. రాజధాని దూరం తగ్గొచ్చు. కానీ తాళంచెవి ఇంకా రాజధాని నడుముకే వేలాడుతుంటే, మందస మనిషికి ఆ దూరం తగ్గినట్టు తెలియను కూడా తెలియదు. స్వపరిపాలన అనే మాటకు పరీక్ష అసెంబ్లీలో జరగదు. రాత్రి రెండు గంటలకు, ఉద్దానం తోటల మధ్య దారిలో జరుగుతుంది.

విద్యార్థులు ఒక పని చేయొచ్చు. మీ ఊళ్లో ఫోన్ చేసిన వేళ, బండి వచ్చిన వేళ, చేరిన ఆస్పత్రి, కట్టిన డబ్బు ఒక నోటు పుస్తకంలో ఆరు నెలలు రాయండి. రోగుల పేర్లు అక్కర్లేదు. ఉద్యోగులు సమాచార హక్కు చట్టం కింద కాంట్రాక్టు షరతులు అడగండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వచ్చే గ్రామసభలో చదవండి. బండి మీద ఎవరి బొమ్మ ఉందో మనకు అనవసరం. అది ఎన్ని నిమిషాల్లో వచ్చిందో మనకు అవసరం. ఆ నిమిషాలకు జవాబు చెప్పే మనిషి మన ఊళ్లోనే, మన కళ్లెదుటే ఉండాలి.